ఫోన్ లైను పోతే ఎంతసేపట్లో మారాలి, ఎప్పుడు వెనక్కి రావాలి: ఆఫీసు ఫోన్ నెట్‌వర్క్ టైమర్లపై సమగ్ర మార్గదర్శి

ఫైబర్ తెగిన క్షణానికీ, తెగిందని మీ పీబీఎక్స్‌కు (ఆఫీసు కాల్స్‌ను కలిపే యంత్రానికి) తెలిసిన క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో డయల్ చేసిన ప్రతి కాల్ నిశ్శబ్దంలోకి పోతుంది. రెండో ప్రొవైడర్‌కు నెలనెలా డబ్బు కడుతూ, రెండో రౌటర్ కూడా కొనిపెట్టుకున్న ఆఫీసుల్లో సైతం లైను పోయిన రోజు అరనిమిషం పాటు ఎవరికీ ఏమీ వినిపించదు. సామాను తక్కువై కాదు, టైమర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విలువల మీదే ఉండిపోయినందువల్ల.

ఇక్కడి లెక్కలన్నీ ఒక మామూలు నెట్‌వర్క్ మీద వేసినవి. 200 ఎక్స్‌టెన్షన్లు, ఒక ఐపీ పీబీఎక్స్, ఒక ఫైబర్ మీద 30 ఛానళ్ల ప్రధాన సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ తరహాలో, సిప్ అనే నియమాల ప్రకారం ప్రొవైడర్‌తో కలిపే ఫోన్ లైను; ఒక ఛానల్‌కు ఒక కాల్), వేరే ప్రొవైడర్ నుంచి వేరే ఫైబర్ మీద రెండో సిప్ ట్రంక్, పాత తరహా డిజిటల్ ఫోన్ లైను అయిన పీఆర్ఐ ఒకటి, వీఆర్‌ఆర్‌పీతో (ఒకటి పోతే రెండోది అందుకునే పద్ధతితో) జతకట్టిన రెండు రౌటర్లు. ఆసుపత్రి అయినా, కాల్ సెంటర్ అయినా, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ అయినా అమరిక దాదాపు ఇదే. మీ అంకెలు వేరైతే లెక్క మార్చుకోండి, పద్ధతి మారదు.

అన్నిటికీ మూలం రెండు నియమాలు. బ్యాకప్‌కు మారడం త్వరగా జరగాలి, ప్రధాన లైనుకు తిరిగి రావడం నిదానంగా జరగాలి. కింది పొర తన పని ముగించుకునేదాకా పై పొర తీర్పు చెప్పకూడదు. కాన్ఫిగరేషన్లలో కనిపించే తప్పుల్లో చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని మీరినవే.

మొదటి మెట్టు: ఉన్న టైమర్లను కాగితం మీద పెట్టండి

ఏదీ మార్చకముందు స్విచ్, రౌటర్, ఫైర్‌వాల్, పీబీఎక్స్, ఫోన్లు, ప్రొవైడర్ అన్న వరుసలో ప్రతి దానిలో ఉన్న విలువలు రాసుకోండి. సిప్ విషయంలో మొదలుపెట్టాల్సిన చోటు 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261 (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు). అందులో మూల విలువ టీ1, అది 500 మిల్లీసెకన్లు. మిగతావి చాలావరకు దాని గుణిజాలే.

యూడీపీ (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్ పంపే రవాణా పద్ధతి) మీద ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే సిప్ సందేశం) పంపాక జవాబు రాకపోతే అరసెకనుకు మళ్లీ పంపుతారు, ఆపైన ప్రతిసారీ విరామం రెట్టింపవుతుంది. అంటే 0, 0.5, 1.5, 3.5, 7.5, 15.5, 31.5 సెకన్ల దగ్గర మొత్తం ఏడుసార్లు. 64 టీ1లు, అంటే 32 సెకన్లు గడిచాక టైమర్ బి ముగుస్తుంది. అప్పుడుగానీ ఈ ట్రంక్ పలకట్లేదని పీబీఎక్స్ ఒప్పుకోదు, రెండో ట్రంక్ వైపు చూడదు. చెవి దగ్గర రిసీవర్ పెట్టుకున్న మనిషి 32 సెకన్లు ఆగడు. కట్ చేసి మళ్లీ డయల్ చేస్తాడు, మళ్లీ అదే 32 సెకన్ల గడియారం మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాకప్ ట్రంక్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా దాని దాకా ఒక్క కాల్ కూడా చేరదు.

ట్రంక్‌ను టీసీపీకి (చేరిందో లేదో తానే చూసుకునే రవాణా పద్ధతికి) మారిస్తే మళ్లీ మళ్లీ పంపడం ఆగుతుంది గానీ, టైమర్ బి అలాగే ఉంటుంది. కాబట్టి రవాణా పద్ధతి మార్చినంత మాత్రాన ఈ సమస్య తీరదు.

రెండో మెట్టు: కింది పొరలను ముందు బాగుచేయండి

స్విచ్‌లో పాత 802.1డి స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే పద్ధతి) నడుస్తుంటే, ఒక లింకు పోయి ఇంకొకటి అందుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. గరిష్ఠ వయసు 20 సెకన్లు, వినడానికి 15, నేర్చుకోవడానికి 15. పైన సిప్ టైమర్లను ఎంత సానబెట్టినా ఈ 50 సెకన్లు మింగేస్తాయి. ర్యాపిడ్ స్పానింగ్ ట్రీకి మార్చండి, ఫోన్లు తగిలించిన పోర్టులన్నిటినీ ఎడ్జ్ పోర్టులుగా (ఆగకుండా వెంటనే పనిచేసేవిగా) ప్రకటించండి.

రౌటర్ల జతలో వీఆర్‌ఆర్‌పీ ప్రకటన సెకనుకొకటి వస్తుంది. రెండో రౌటర్ మూడు ప్రకటనల కాలం, దానికి తోడు తన ప్రాధాన్యాన్ని బట్టి చిన్న అదనపు కాలం ఆగి బాధ్యత తీసుకుంటుంది. ప్రాధాన్యం 100 అయితే ఆ అదనం 156/256 సెకను. మొత్తం సుమారు 3.6 సెకన్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, నాలుగో మెట్టులో దీనితో పని ఉంది. వీఆర్‌ఆర్‌పీకి బదులు సిస్కో వారి హెచ్‌ఎస్‌ఆర్‌పీ వాడేవారికి ఫ్యాక్టరీ విలువలు 3 సెకన్ల హలో (బతికున్నానని చెప్పే సందేశం), 10 సెకన్ల హోల్డ్ (అది రాకపోతే ఆగే కాలం). దాన్ని 1, 3కి తగ్గించుకోవచ్చు.

బయటి లింకు బాగుందా లేదా అన్నది రౌటర్ పోర్టు దీపాన్ని బట్టి తేల్చకూడదు. ప్రొవైడర్ మోడెమ్ మీ గదిలోనే ఉంటుంది, దానికీ రౌటర్‌కీ మధ్య కేబుల్ భేషుగ్గా ఉంటుంది, తెగేది రోడ్డు మీద. అందుకే ప్రొవైడర్ లోపలి చిరునామాకు ఒకటి, బయటి చిరునామాకు ఒకటి చొప్పున 2 సెకన్లకోసారి పింగ్ (పలుకుతున్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) పెట్టండి. రెండూ వరుసగా 5 సార్లు తప్పితేనే, అంటే 10 సెకన్లకు, లింకు పోయిందని తేల్చండి. ఒక్క చిరునామానే నమ్ముకుంటే, ఆ ఒక్క సర్వర్ మొండికేసిన రోజున మంచి ఫైబర్‌ను వదిలేస్తారు.

మూడో మెట్టు: ఫైర్‌వాల్ పట్టుకున్న పాత కనెక్షన్

లింకు మారినా సిప్ మారకపోవడం అనే విచిత్రానికి కారణం ఇక్కడుంది. చాలామంది దీన్ని రోజుల తరబడి వెతుకుతారు, అందుకే కొంచెం వివరంగా.

నాట్ చేసే, అంటే లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చి పంపే ఫైర్‌వాల్ ప్రతి యూడీపీ ప్రవాహానికీ ఒక నమోదు ఉంచుకుంటుంది. ఏ చిరునామా నుంచి, ఏ లింకు ద్వారా, ఏ పోర్టు మార్చి పంపామన్నది అందులో ఉంటుంది. లినక్స్‌లో ఒక్కవైపు ప్రవాహానికి 30 సెకన్లు, రెండువైపులా నడిచినదానికి ఈమధ్యటి కెర్నెళ్లలో 120 సెకన్లు దాని ఆయుష్షు. కొత్త ప్యాకెట్ వెళ్లిన ప్రతిసారీ ఆయుష్షు మళ్లీ నిండుతుంది.

ఇప్పుడు మీ పీబీఎక్స్ 20 సెకన్లకోసారి ఆప్షన్స్ (ట్రంక్ పలుకుతోందా అని అడిగే సిప్ సందేశం) పంపుతోందనుకోండి. మొదటి ఫైబర్ పోయింది, రౌటర్ రెండో ఫైబర్‌కు దారి మార్చింది. కానీ సిప్ ప్యాకెట్లకు పాత నమోదు బతికే ఉంది. మూల చిరునామాగా పాత ఫైబర్ చిరునామానే అతికించి కొత్త ఫైబర్ ద్వారా పంపుతుంది. కొత్త ప్రొవైడర్ దాన్ని పారేస్తాడు. 20 సెకన్లకోసారి వెళ్లే ఆప్షన్స్ ఆ చచ్చిన నమోదుకు ప్రాణం పోస్తూనే ఉంటుంది. బ్రౌజర్లు పనిచేస్తాయి, పింగ్ పనిచేస్తుంది, ఫోన్లు మాత్రం పలకవు. పీబీఎక్స్‌ను ఓ పది నిమిషాలు ఆపి పెడితే బాగవుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

మందు ఒకటే: లింకు మారగానే సిప్ ప్రొవైడర్ చిరునామాలకు సంబంధించిన నమోదులను చెరిపేసే స్క్రిప్టును ఆ మార్పుకే తగిలించడం. రౌటర్, ఫైర్‌వాల్‌గా వాడే మైక్రోటిక్, పీఎఫ్‌సెన్స్, లినక్స్ మూడింటిలోనూ ఇది సాధ్యమే. మొత్తం పట్టికను చెరపకండి, సిప్ ప్రొవైడర్‌కు చెందినవి చాలు.

దీనికి తలకిందులైన సమస్య కూడా ఉంది. ఆప్షన్స్ మరీ అరుదుగా పంపితే నాట్ నమోదు మధ్యలోనే చచ్చిపోయి, బయటి నుంచి వచ్చే కాల్‌కు దారి ఉండదు. యూడీపీ నమోదును రెండు నిమిషాలకు ముందు చెరపకూడదని ఆర్ఎఫ్‌సీ 4787 చెప్పినా, 30 సెకన్లకే చెరిపే పెట్టెలు ఎన్నో వాడుకలో ఉన్నాయి. ప్రాణం నిలిపే ప్యాకెట్ల విరామం 20 నుంచి 25 సెకన్ల మధ్య ఉంచితే ఇబ్బంది రాదు.

నాలుగో మెట్టు: ట్రంక్ ఆరోగ్యాన్ని ముందే తెలుసుకునే ఆప్షన్స్

కాల్ వచ్చాక వెతుక్కోవడం కన్నా, ట్రంక్ పోయిందని ముందే తెలిసి ఉండటం మేలు. అందుకే పీబీఎక్స్ విరామం ప్రకారం ఆప్షన్స్ పంపి జవాబు చూస్తుంది. ఆస్టరిస్క్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ విరామం పేరు క్వాలిఫై ఫ్రీక్వెన్సీ, సున్నా ఉంటే అసలు పంపదు. జవాబు కోసం ఆగే క్వాలిఫై టైమౌట్ ఫ్యాక్టరీ విలువ 3 సెకన్లు. సిస్కో సరిహద్దు గేట్‌వే అయిన క్యూబ్‌లో ఆప్షన్స్ కీపలైవ్ ఫ్యాక్టరీ విలువలు బాగున్నప్పుడు 60 సెకన్లు, పోయినప్పుడు 30, ప్రయత్నాలు 5. సిస్కో పీబీఎక్స్ అయిన కాల్ మేనేజర్‌లో బాగున్న ట్రంక్‌కు 60 సెకన్లు, పోయినదానికి 120.

ఇప్పుడు 3.6 సెకన్ల లెక్క. రౌటర్ మారుతున్న ఆ వ్యవధి మొదట్లోనే ఒక ఆప్షన్స్ బయలుదేరిందనుకుందాం. అది 0, 0.5, 1.5 సెకన్ల దగ్గర మూడుసార్లు వెళ్తుంది. 3 సెకన్లకు టైమౌట్. మూడూ పోయాయి, ట్రంక్ పోయిందని ఆస్టరిస్క్ ప్రకటిస్తుంది. 0.6 సెకన్ల తర్వాత రౌటర్ సిద్ధమైంది, ట్రంక్ నిక్షేపంగా ఉంది. కానీ తర్వాతి ఆప్షన్స్ దాకా కాల్స్ అన్నీ బ్యాకప్‌లోకి పోతాయి. టైమౌట్‌ను 4 చేసినా లాభం లేదు, ఎందుకంటే నాలుగో ప్రయత్నం 3.5 దగ్గర, అంటే రౌటర్ లేవడానికి 0.1 సెకను ముందు వెళ్తుంది. ఐదో ప్రయత్నం 7.5 దగ్గర ఉంది. కాబట్టి టైమౌట్ 8 సెకన్లు పెట్టాలి. కింది పొర ముగించాకే పై పొర తీర్పు చెప్పాలంటే అంకెల్లో అర్థం ఇదే.

విరామం 20, టైమౌట్ 8 అయితే, అన్నిటికన్నా దురదృష్టపు సందర్భంలో ట్రంక్ పోయిన సంగతి 28 సెకన్లకు తెలుస్తుంది. సగటున 18. విరామాన్ని 5 సెకన్లకు తగ్గించాలని అనిపిస్తుంది. తొందరపడకండి. కొందరు ప్రొవైడర్లు అంత తరచుగా వచ్చే ఆప్షన్స్‌ను దాడిగా భావించి అడ్డుకుంటారు. పైగా మిగిలిన సెకన్లను పూడ్చడానికి వచ్చే మెట్టు ఉంది.

ఆప్షన్స్‌ను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలిసి ఉండాలి. అది పక్క గడప దాకానే చూస్తుంది. ప్రొవైడర్ అంచున ఉన్న ఎస్‌బీసీ (సిప్ కాల్స్‌కు కాపలా గేటు) 200 ఓకే (సరేనన్న జవాబు) అంటూనే ఉంటుంది, దాని వెనక స్విచ్ పడిపోయి ఉండొచ్చు.

ఐదో మెట్టు: ఒక్కో కాల్‌కు ఒక్కో గడువు

ఆ 28 సెకన్ల కిటికీలో వచ్చిన కాల్‌ను కాపాడేది ఇన్వైట్ గడువు. లక్ష్యం 3 నుంచి 4 సెకన్లు. అప్పుడు బ్యాకప్ ట్రంక్ కాల్ కలపడానికి మరో 3, 4 సెకన్లు తీసుకున్నా, మొత్తం 8 సెకన్లలోపు రింగ్ వినిపిస్తుంది. అంతసేపు మనుషులు ఓపిక పడతారు.

సిస్కోలో ఇన్వైట్ పునఃప్రయత్నాలు ఫ్యాక్టరీలో 6. దాన్ని 2 చేస్తే 0, 0.5, 1.5 దగ్గర పంపి, 3.5 సెకన్లకు వదిలేస్తుంది. సిప్ సందేశాలకు దారి చూపే కమాయిలియో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ఆర్ టైమర్ (తొలి జవాబు కోసం ఆగే గడువు) ఫ్యాక్టరీ విలువ 30,000 మిల్లీసెకన్లు, దాన్ని 3,500 చేయండి. ఆస్టరిస్క్‌లో టీ1, టైమర్ బి మొత్తం వ్యవస్థకు వర్తిస్తాయి, ఒక ట్రంక్‌కు విడిగా ఇవ్వలేరు. టీ1ను 250 చేసి, టైమర్ బిని దానికి 64 రెట్లు పెడితే గడువు 16 సెకన్లు, టీ1 125 అయితే 8. కానీ టీ1ను తగ్గించడం బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని మూసిన నెట్‌వర్కుల్లోనే అనుమతించారు, అక్కడ కూడా సిఫారసు చేయలేదు. 4జీ మీద సాఫ్ట్‌ఫోన్ వాడే ఉద్యోగులుంటే ప్యాకెట్లు అనవసరంగా రెండేసిసార్లు పోతాయి. అందుకే ఆస్టరిస్క్ ముందు ఒక చిన్న ఎస్‌బీసీనో కమాయిలియోనో నిలబెట్టి, గడువులు అక్కడ పెట్టడమే సరైన దారి. 200 ఎక్స్‌టెన్షన్లున్న చోట ఆ శ్రమ దండగ కాదు.

ఇంకో గోతి ఉంది. ప్రొవైడర్ అంచు 100 ట్రైయింగ్ (ప్రయత్నిస్తున్నామన్న జవాబు) పంపగానే టైమర్ బి పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఏమీ రాకపోతే? ఆర్ఎఫ్‌సీ ప్రకారం ప్రాక్సీ (సిప్ సందేశాలను చేరవేసే సర్వర్) దగ్గర మిగిలేది టైమర్ సి, అది మూడు నిమిషాల పైన. కాబట్టి 100కూ, 180 (రింగ్ అవుతోంది) లేదా 183 (కాల్ ముందుకు సాగుతోంది) జవాబుకూ మధ్య ఇంకొక గడువు కావాలి. కమాయిలియోలో తాత్కాలిక జవాబు వచ్చాక నడిచేది ఎఫ్ఆర్ ఇన్వ్ టైమర్, ఫ్యాక్టరీ విలువ 1,20,000 మిల్లీసెకన్లు. మొదట దాన్ని 12 సెకన్లు పెట్టి, 18తో మొదలయ్యే జవాబు రాగానే 70 సెకన్లకు పెంచండి. నడుస్తున్న కాల్‌కు కూడా ఆ విలువ మార్చే వీలుంది. విదేశీ నంబర్లకు 12 చాలదు, 20 ఇవ్వండి.

ఆ 70 ఊరికే వచ్చింది కాదు. మన దేశంలో ఎవరూ ఎత్తకపోతే రింగ్ ఎంతసేపు మోగాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో తేల్చింది: మొబైల్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60. మీ గడువు 60 కన్నా తక్కువుంటే, ఎవరూ ఎత్తని మామూలు కాల్‌ను ట్రంక్ వైఫల్యంగా పొరబడి రెండో ట్రంక్‌లో మళ్లీ డయల్ చేస్తుంది. అవతలివారికి ఒకే కాల్ రెండుసార్లు మోగుతుంది.

ఏ జవాబుకు ట్రంక్ మార్చాలో జాబితా రాసి పెట్టండి. 408 (గడువు దాటింది), 503 (సేవ అందుబాటులో లేదు), జవాబు లేకపోవడం, పోర్టు చేరలేదన్న ఐసీఎంపీ (నెట్‌వర్క్ తప్పు తెలిపే సందేశం): మార్చండి. 486 బిజీ, 404 లేని నంబర్, 603 తిరస్కారం: మార్చకండి. పీఆర్ఐలో 34 (ఖాళీ ఛానల్ లేదు), 38 (నెట్‌వర్క్ పనిచేయట్లేదు), 41 (తాత్కాలిక వైఫల్యం), 102 (టైమర్ ముగిసింది) కారణాలకు మార్చండి, 1 (లేని నంబర్), 17 (బిజీ) కారణాలకు వద్దు. 503తో పాటు రిట్రై ఆఫ్టర్ వస్తే అన్ని సెకన్లు ఆ ట్రంక్‌ను ముట్టకుండా ఉంచాలి.

112 కాల్స్ దారిలో మూడు ట్రంకులూ ఉండాలి. దానికి ఛానల్ పరిమితులు, అనుమతి కోడ్‌లు అడ్డు రాకూడదు.

ఆరో మెట్టు: లోపలికి వచ్చే కాల్స్

ఇక్కడ గడియారం ప్రొవైడర్ చేతిలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ ట్రంక్ అయితే, మీ చిరునామా ఇదని మీరు చెప్పిన ఎక్స్‌పైర్స్ కాలం దాకా అతను నమ్ముతాడు. 3600 పెట్టి ఉంటే, లింకు మారి చిరునామా మారాక కూడా గంట దాకా కాల్స్ పాత చోటికే పోవచ్చు. ఎక్స్‌పైర్స్ 120 నుంచి 300 మధ్య పెట్టండి, లింకు మారిన స్క్రిప్టులోనే మళ్లీ రిజిస్టర్ చేయించండి.

ఆస్టరిస్క్ వాడేవారు తప్పక చూడాల్సినది మ్యాక్స్ రిట్రైస్. ఫ్యాక్టరీ విలువ 10, రిట్రై విరామం 60 సెకన్లు. అంటే లింకు పది పదిహేను నిమిషాలకు మించి పోతే ఆస్టరిస్క్ ప్రయత్నించడమే మానేస్తుంది. లింకు తిరిగొచ్చినా ఎవరో ఒకరు వచ్చి మళ్లీ లోడ్ చేసేదాకా లోపలికి కాల్ రాదు. రాత్రి ఫైబర్ పోయి తెల్లారేసరికి బాగైన చోట్ల, ఉదయం పది గంటలకు ఫోన్లు మోగట్లేదని తెలిసేది ఇందుకే. 0 పెడితే ఎడతెగకుండా ప్రయత్నిస్తుందని అనుకోకండి. 0 అంటే ఒకసారి తప్పితే మళ్లీ ప్రయత్నించదని అర్థం. 10000 లాంటి పెద్ద అంకె పెట్టండి. ప్రొవైడర్ సర్వర్ కోలుకునేటప్పుడు కాసేపు 401 (పాస్‌వర్డ్ కావాలి), 403 (అనుమతి లేదు) ఇవ్వడం మామూలే, వాటిని శాశ్వత తిరస్కారంగా లెక్కించే ఆథ్ రిజెక్షన్ పర్మనెంట్‌ను ఆపండి, 403కు విడిగా రిట్రై విరామం ఇవ్వండి.

స్థిర చిరునామా ట్రంక్ అయితే ప్రొవైడర్‌ను రాతపూర్వకంగా అడగాల్సినవి:

- మాకు ఆప్షన్స్ ఎన్ని సెకన్లకోసారి పంపుతారు, ఎన్ని తప్పితే పోయామని లెక్క?
- పోయామని తేలాక కాల్స్ ఏ నంబర్‌కు మళ్లిస్తారు? అది మీ వైపు ముందే అమర్చి ఉందా, మేం ఫోన్ చేసి అడగాలా?
- మేం తిరిగొచ్చామని ఎన్ని జవాబుల తర్వాత నమ్ముతారు?
- సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందా అని తేల్చుకునే గడువు) కనీసం ఎంత, రిఫ్రెష్ ఎవరు పంపాలి?

రెండో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. మళ్లింపు వారి స్విచ్‌లోనే ఉండాలి. మీ పీబీఎక్స్‌లో రాసిన మళ్లింపు, మీ లైను పోయినప్పుడు పనికిరాదు.

మామూలు రోజుల్లో ఎక్స్‌టెన్షన్ ఎత్తకపోతే మొబైల్‌కు పంపే లెక్క కూడా వేసుకోండి. 20 సెకన్లు ఎక్స్‌టెన్షన్, 6 నుంచి 8 సెకన్లు మొబైల్ కలవడానికి, 30 సెకన్లు మొబైల్ రింగ్. మొత్తం 58, ల్యాండ్‌లైన్ గడువు 60. ఇందులో ఇంకో 5 సెకన్ల ఫెయిలోవర్ (బ్యాకప్‌కు మారడం) కలిస్తే గడువు దాటిపోయి కాలర్‌కు లైను కట్ అవుతుంది. ఎక్స్‌టెన్షన్ రింగ్‌ను 12 సెకన్లకు తగ్గించండి, లేదా ఐవీఆర్‌తో (రికార్డు చేసిన గొంతుతో) ముందే ఎత్తండి. ఎత్తాక ఆ గడువు వర్తించదు.

ఏడో మెట్టు: మాట్లాడుతుండగా లైను పోతే

మామూలు అమరికలో ఆ కాల్ బతకదు. దాని శవం ఛానల్‌ను పట్టుకుని ఉండకుండా చూడటమే మన పని. మాట మోసే ఆర్‌టీపీ ప్యాకెట్లు ఆగితే 45 సెకన్లకు కాల్ ముగించేలా ఆర్‌టీపీ టైమౌట్ పెట్టండి, హోల్డ్‌లో ఉన్నదానికి 300. అవతలి పరికరం మౌనంగా ఉన్నప్పుడు ప్యాకెట్లు పంపడం మానేసే రకమైతే ముందు ఆ సైలెన్స్ సప్రెషన్ తీసేయండి, లేకపోతే శ్రద్ధగా వింటున్నవాళ్ల కాల్స్ తెగిపోతాయి.

రెండో కాపలా సెషన్ టైమర్. ఆర్ఎఫ్‌సీ 4028 ప్రకారం మామూలు విలువ 1800 సెకన్లు, కనిష్ఠం 90. సగం సమయానికి, అంటే 900 దగ్గర రిఫ్రెష్ వెళ్తుంది. రాకపోతే అవతలి పక్షం గడువుకు కాస్త ముందే, 1800కు అయితే 32 సెకన్ల ముందు, బై (కాల్ ముగించే సందేశం) పంపాలి. 30 ఛానళ్ల ట్రంక్‌లో రద్దీ వేళ లైను పోతే, 25 చచ్చిన కాల్స్ అరగంట పాటు లెక్కలో కూర్చుంటాయి. లైను తిరిగొచ్చినా ఐదు ఛానళ్లే ఖాళీగా కనిపిస్తాయి. 600 సరిపోతుంది. 90 పెట్టకండి, ప్రతి 45 సెకన్లకూ ప్రతి కాల్‌కూ ఒక మార్పిడి నడుస్తుంది, అందులో ఒక్కటి తప్పినా బాగున్న కాల్ పోతుంది.

పీఆర్ఐ సంగతి క్లుప్తంగా. డి ఛానల్ (పీఆర్ఐలో సంకేతాలు మోసేది) 10 సెకన్లు ఖాళీగా ఉంటే టీ203 ఒక పలకరింపు పంపిస్తుంది, టీ200 సెకనుకోసారి చొప్పున మూడుసార్లు మళ్లీ అడుగుతుంది. కాబట్టి మౌనంగా చచ్చిన లింకు దాదాపు 14 సెకన్లకు బయటపడుతుంది. సెటప్‌కు (కాల్ మొదలుపెట్టే పీఆర్ఐ సందేశానికి) జవాబు లేకపోతే టీ303 4 సెకన్లు, ఒక పునఃప్రయత్నం, ఇంకో 4. పీఆర్ఐ నుంచి సిప్‌కు మారడానికి 8 సెకన్లని లెక్కేసుకోండి. నడుస్తున్న కాల్స్‌ను టీ309 కొంతసేపు కాపాడుతుంది. డి ఛానల్ క్షణకాలం పడి లేచినా మాట తెగకుండా ఉండేది దానివల్లే, కాబట్టి దాన్ని మరీ చిన్నదిగా పెట్టకండి.

ఎనిమిదో మెట్టు: తిరిగి రావడం

కోలుకోవడంలో జరిగే నష్టం చాలాసార్లు అసలు వైఫల్యం కన్నా ఎక్కువ. అతికించిన ఫైబర్ మొదటి పావుగంటలో ఇరవై సెకన్లు వచ్చి నలభై సెకన్లు పోతూ ఉంటుంది. మొదటి పింగ్ రాగానే వెనక్కి దూకే రౌటర్, దానితో పాటు ప్రతి కాల్‌నూ చంపుతుంది. లింకు 5 నిమిషాలు ఒక్క పింగ్ కూడా తప్పకుండా నిలబడితేనే వెనక్కి మార్చేలా పెట్టండి. ఒకే గంటలో మూడుసార్లు పడితే తనంతట తాను రాకుండా ఆపి, మనిషి చూసి మార్చేలా చేయండి. వీఆర్‌ఆర్‌పీలో ప్రధాన రౌటర్ లేవగానే పదవి లాక్కోకుండా ప్రీఎంప్ట్‌కు ఆలస్యం ఇవ్వండి, 180 సెకన్లు మంచి విలువ. రౌటర్ లేచినా దాని రూటింగ్ పట్టిక నిండటానికి ఆ సమయం కావాలి.

ఆస్టరిస్క్‌లో ఆప్షన్స్‌కు ఒక్క జవాబు రాగానే ట్రంక్ మంచిదైపోతుంది, అందులో ఓపిక లేదు. ఆ ఓపికను డయల్‌ప్లాన్‌లో (కాల్ ఎటు పోవాలో చెప్పే నియమాల్లో) మీరే రాయాలి: ట్రంక్ లేచిన సమయాన్ని నమోదు చేసి, 300 సెకన్లు దాటితేనే దాన్ని మొదటి వరుసలో పెట్టండి. అప్పటిదాకా అది రెండో వరుసలో ఉంటుంది. కొత్త కాల్స్ మాత్రమే వెనక్కి రావాలి, నడుస్తున్నవాటిని అవి ముగిసేదాకా బ్యాకప్‌లోనే వదిలేయండి.

సిస్కో శాఖా కార్యాలయాల్లో, ప్రధాన కార్యాలయంతో సంబంధం తెగినప్పుడు ఫోన్లు స్థానిక రౌటర్‌ను ఆశ్రయిస్తాయి. తిరిగి కాల్ మేనేజర్ దగ్గరికి వెళ్లేముందు లింకు స్థిరంగా ఉందా అని చూసే కనెక్షన్ మానిటర్ డ్యూరేషన్ 120 సెకన్లు. లింకు తరచూ ఊగిసలాడే ఊళ్లలో దాన్ని 300 చేయండి.

ఇక కరెంటు. యూపీఎస్ చేతులెత్తేసి, కరెంటు తిరిగొచ్చిన క్షణాన 200 ఫోన్లు ఒకేసారి లేస్తాయి. ప్రతి ఫోనూ రిజిస్టర్ పంపుతుంది, 401 వస్తుంది, పాస్‌వర్డ్‌తో మళ్లీ పంపుతుంది. కొద్ది సెకన్లలో 400 అభ్యర్థనలు. పీబీఎక్స్ తడబడితే జవాబులు ఆలస్యం, అరసెకనుకే పునఃప్రయత్నాలు, రద్దీ రెట్టింపు. దీనికి చక్కని లెక్క ఆర్ఎఫ్‌సీ 5626లో ఉంది. అన్ని దారులూ తప్పినప్పుడు మూల కాలం 30 సెకన్లు, ప్రతి వైఫల్యానికీ రెట్టింపు, గరిష్ఠం 1800. వచ్చిన విలువలో 50 నుంచి 100 శాతం మధ్య యాదృచ్ఛికంగా ఒక కాలం ఎంచుకుని ఆగాలి. మొదటి వైఫల్యం తర్వాత ఫోన్లు 30 నుంచి 60 సెకన్ల మధ్య చెదిరిపోతాయి. మీ ఫోన్లలో యాదృచ్ఛిక ఆలస్యం అమరిక ఉంటే 60 సెకన్లు ఇవ్వండి. లేకపోతే స్విచ్‌లో పీఓఈని (నెట్‌వర్క్ కేబుల్ ద్వారా ఫోన్లకు కరెంటిచ్చే సదుపాయాన్ని) అంతస్తుల వారీగా 30 సెకన్ల తేడాతో ఆన్ చేయించండి, రిసెప్షన్, ఎమర్జెన్సీ డెస్క్ ముందు.

తొమ్మిదో మెట్టు: పరీక్ష

పీబీఎక్స్ వెనక కేబుల్ పీకి చూడటం పరీక్ష కాదు. అప్పుడు పోర్టు పోయిందని యంత్రానికి వెంటనే తెలుస్తుంది, అంతా అద్భుతంగా మారుతుంది. అసలు వైఫల్యాలు మౌనంగా వస్తాయి. ఫైర్‌వాల్‌లో ప్రొవైడర్ చిరునామాకు డ్రాప్ (చెప్పకుండా పారేసే) నియమం పెట్టి, అదే సెకనులో డయల్ చేసి, బ్యాకప్ రింగ్ వినిపించేదాకా స్టాప్‌వాచ్ పట్టండి. తర్వాత డ్రాప్ బదులు రిజెక్ట్ (తిరస్కరించానని చెప్పే నియమం) పెట్టి చూడండి. రెంటి మధ్య తేడాయే మీ టైమర్ల ఖరీదు. మూడోసారి మోడెమ్ దాటాక ఉండే ఫైబర్ తీసి చూడండి. నాలుగోసారి 20 సెకన్లు తెరిచి 40 సెకన్లు మూసే స్క్రిప్టును పావుగంట నడపండి, ట్రంక్ ఎన్నిసార్లు ఊగిందో లెక్కించండి. ఒక్కసారి కన్నా ఎక్కువైతే ఎనిమిదో మెట్టు మళ్లీ చేయాలి. ప్రతిసారీ మొబైల్ నుంచి లోపలికి కూడా కాల్ చేయండి. సిప్ సందేశాలు చూపే ఎస్‌ఎన్‌గ్రెప్ తెరిచి ఉంచితే ఏ సెకనులో ఏ సందేశం వెళ్లిందో కళ్లెదుటే కనిపిస్తుంది. ఇవన్నీ రద్దీ లేని వేళ, ముందే చెప్పి చేయండి.

కాల్ తెగే సమయమే జాడ చెబుతుంది

ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట అడగాల్సింది, సరిగ్గా ఎంతసేపటికి కట్ అయిందని. ప్రతిసారీ ఒకే సమయానికి తెగితే దాని వెనక ఒక టైమర్ ఉంటుంది.

ఎత్తిన 32 సెకన్లకు కట్ అయితే ఏక్ (200 ఓకే అందిందన్న సందేశం) చేరలేదు. 200 ఓకేను 64 టీ1ల పాటు పంపి విసిగి ముగించింది. కారణం దాదాపు ఎప్పుడూ నాట్, లేదా సిప్ సందేశంలోని కాంటాక్ట్‌లో (తిరుగు చిరునామాలో) లోపలి చిరునామా ఉండటం. డయల్ చేశాక 32 సెకన్ల నిశ్శబ్దం అయితే టైమర్ బి, ఐదో మెట్టు. 15 నిమిషాలకు లేదా అరగంటకు కాస్త అటూ ఇటుగా కట్ అయితే సెషన్ రిఫ్రెష్ ఎక్కడో ఆగుతోంది, ఫైర్‌వాల్‌లోని సిప్ ఏఎల్‌జీని (సిప్ సందేశాలను దారిలో మార్చే సదుపాయాన్ని) ముందు ఆపి చూడండి. లోపలికి వచ్చే కాల్స్ మాత్రమే, అదీ కాసేపు ఎవరూ మాట్లాడకపోయాకే తప్పుతుంటే నాట్ నమోదు ఆయుష్షు. గంటకోసారి కొద్దిసేపు అంతా ఆగిపోతుంటే రిజిస్ట్రేషన్ 3600.

చివరిగా, పెట్టిన ప్రతి విలువనూ, అది ఏ కింది విలువ మీద ఆధారపడి లెక్కించారో కూడా, ఒక పట్టికలో రాసి పీబీఎక్స్ ఉన్న ర్యాక్ తలుపుకు అంటించండి. ‘క్వాలిఫై టైమౌట్ 8, ఎందుకంటే వీఆర్‌ఆర్‌పీ 3.6’ అని ఉంటే, రేపు రౌటర్ మార్చే మనిషి ఆ 8ని కూడా చూస్తాడు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పట్టికతో సరిపోల్చండి. కొన్ని పరికరాలు అప్‌డేట్ తర్వాత టైమర్లను చెప్పకుండా ఫ్యాక్టరీ విలువలకు తెచ్చేస్తాయి, డ్రాప్ పరీక్ష ఒక్కటి మళ్లీ చేస్తే ఐదు నిమిషాల్లో అది బయటపడుతుంది.